మేకు దిగని గోడ

చిలకలగూడలో ఎన్ని గదులు మారినా ప్రతి ఓనరూ తాళంచెవితో పాటు ఒకే మాట చేతిలో పెట్టేవాడు: గోడకు మేకు కొట్టొద్దు. అందుకే మా నిఖా ఫోటో ఇన్నేళ్లూ బియ్యం డబ్బా మీద గోడకు ఆనుకునే నిలబడింది. రైలు వెళ్లినప్పుడల్లా బోర్లా పడేది. ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు గోడకున్న మేకులనే వెతికేవి.

మొన్న సర్కారు లాటరీలో ఊరి బయట డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. తాళం తీయగానే సంచిలోంచి కొత్త సుత్తి బయటికి తీశాను.

"జెర ఆగు ఇష్రత్, సామాన్ దిగనియ్యి," అన్నాడు మా ఆయన ఖలీల్.

"ఇంకెన్నాళ్లు ఆగాలె? ఈ గోడ మనది!"

మొదటి దెబ్బకే మేకు వంగిపోయింది. రెండోదీ అంతే. ఖలీల్ గోడను వేళ్లతో తట్టి చూశాడు.

"ఇటుక గోడ కాదిది, మొత్తం కాంక్రీటు పోసిండ్రు. డ్రిల్లు మిషన్ లేకుంటే దిగదు. పరేషాన్ గాకు, రేపు తెస్తా."

ఫోటో మళ్లీ బియ్యం డబ్బా ఎక్కింది. ఒళ్లు మండి, మిగిలిన మేకులు కిటికీలోంచి పారేద్దామని లేచాను. అప్పుడు వినబడింది. పై అంతస్తులో టక్ టక్, కింద టక్ టక్, ఎదురింట్లో టక్ టక్. బిల్డింగంతా మేకులు వంచుకుంటోంది.

ఆపమని తలుపు బాదే ఓనరు మాత్రం ఎవరికీ లేడు.

ఇంకో మేకు తీసుకున్నాను.