మా మొదటి బుట్ట బండి

ఇవాళ మా ఫ్యాక్టరీ గేటు దాటి క్రేన్లు వెళ్తాయి, కొండలు తవ్వే యంత్రాలు వెళ్తాయి. వచ్చినవాళ్ళందరికీ మా మేనేజరు కంపెనీ చరిత్ర గొప్పగా చెబుతాడు. అందులో మా అమ్మ గాలిలో వేలాడుతూ నాన్నను తిట్టిన తిట్లు ఉండవు. అసలు చరిత్ర అదే!

అప్పట్లో మాకున్నది ఒక రేకుల షెడ్డు. నాన్న మెకానిక్కు, అమ్మ వెల్డరు, అమ్మ తమ్ముడు ఫిట్టరు. ముగ్గురూ కలిసి పాత లారీ మీద పొడవాటి ఇనుప చెయ్యి, దాని చివర మనిషి నిలబడే బుట్ట బిగించారు. వీధిదీపాలు మార్చడానికి ఇక నిచ్చెన అక్కర్లేదన్నమాట. ఇది అమ్ముడుపోకపోతే షెడ్డు మూసేసి మళ్ళీ వచ్చి పనిలో చేరతానని నాన్న తన పాత యజమానికి మాట కూడా ఇచ్చేశాడు. అక్కడ ఆడవాళ్ళను వెల్డింగు ముట్టనివ్వరు. ఆ సంగతి తలుచుకుంటేనే అమ్మకు ఒళ్ళు మండేది.

బండి చూడ్డానికి వీధిదీపాల ఇంజనీరు ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. అతుకు వేసినవాళ్ళే ముందు ఎక్కాలన్నది మా షెడ్డు నియమం. అమ్మ హెల్మెట్టు పెట్టుకుని బుట్టలో నిలబడింది. నాన్న కింద లీవర్లు పట్టుకున్నాడు. బుట్ట లేచింది! నేను లారీ పక్కనుంచి మెడ ఎత్తి చూస్తున్నాను.

"ఎడమకి తిప్పండి!"

అమ్మ నాన్నకు ఎదురుగా తిరిగి ఉంది. నాన్న తన ఎడమకు తిప్పాడు. దీపం దూరమైపోయింది.

"అటు కాదు, ఇటు!"

"ఎటే?"

"నా ఎడమకి, మహానుభావా!"

ఇంజను మోతలో సగం మాటలు గాలికి పోయాయి. బుట్ట వెళ్ళి ఎదురింటి మేడమీది కిటికీ ముందు ఆగింది. లోపల గడ్డం గీసుకుంటున్న పెద్దమనిషి నురగ మొహంతో నోరు తెరిచాడు.

"ఏమనుకోకండి," అంది అమ్మ.

ఇంజనీరు కడుపుబ్బ నవ్వాడు. "దీనికంటే నిచ్చెనే నయమండీ. సాయంత్రం ఇంకో కంపెనీ బండి చూడాలి."

"అది చూశాక ఒక్కసారి ఇటు రండి సార్!" అని అమ్మ పైనుంచే కేకేసింది. జాలిపడి సరేనన్నాడు.

దిగీ దిగగానే అమ్మ మొదలెట్టింది. "లీవర్లు బుట్టలో పెడదాం. ఎటు వెళ్ళాలో ఎక్కినవాళ్ళకి కదా తెలిసేది!"

మామయ్య లారీ నుంచి బుట్టదాకా కళ్ళతోనే కొలిచాడు.

"లీవర్లదాకా ఆయిలు పోవాలి కదా, అంత పొడవు పైపులు ఎక్కడివక్కా?"

"రేకులు వంచే ప్రెస్సుకున్నవి పీకు."

నాన్న లబోదిబోమన్నాడు. "ప్రెస్సు ఆగిపోతుందే!"

"షెడ్డే మూతపడితే దాంతో ఏం వంచుతారు? మీ మీసాలా?"

ఇక చూడాలి హడావిడి! మామయ్య పైపులు పీకాడు, నాన్న కలిపాడు, అమ్మ నిప్పురవ్వలు చిందిస్తూ అతికింది. తిండి సంగతే ఎవరికీ గుర్తులేదు. ఇంజనీరు జీపు మళ్ళీ ఆగేసరికి ఆయిలు మరకలతో ముగ్గురూ గుర్తుపట్టలేనట్టున్నారు.

"ఈసారి మీరూ ఎక్కండి సార్," అని అమ్మ ఆయన్ని బుట్టలో తన పక్కనే నిలబెట్టి లీవర్లు చేతికిచ్చింది.

ఆయన భయపడుతూనే కదిపాడు. బుట్ట బుద్ధిగా లేచింది, కుడికి తిరిగింది, దీపం పక్కన నిలిచింది. బల్బు ఆయనే మార్చాడు. మార్చి దిగాడా? లేదు! ఎడమకి, కుడికి, పైకి, కిందికి... చప్పట్లు కొట్టి కొట్టి నా చేతులు నొప్పెట్టాయి.

"సార్, దిగితే మాట్లాడుకుందాం," అన్నాడు నాన్న.

"మాటలెందుకయ్యా? ఇది మేం తీసుకుంటున్నాం, ఇలాంటిదే ఇంకోటి మొదలెట్టండి!"

నాన్న తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. తర్వాత పైకి, అమ్మ వైపు చూశాడు.

"ఒరేయ్, మీ అక్కకి ఇక నాతో పనిలేదురా!" అంటూ మామయ్యను పట్టుకుని గంతులేశాడు. కళ్ళనిండా నీళ్ళు.