బాణం లేని వాల్వు

మా అన్నయ్య చేయి కాలిన నాలుగో రోజున మా ఇంజనీరు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ ఫిట్టరు సొంత తెలివి చూపించాడమ్మా, అనుభవించాడు" అన్నాడు.

ఆ ఫిట్టరు నాకు అన్నయ్య అవుతాడని ఆయనకు తెలియదు. అన్నయ్య మా పెద్దమ్మ కొడుకు, ఇంటిపేర్లు వేరు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ పెద్దమ్మే, సైకిలు వెనక పరుగెత్తి నాకు తొక్కడం నేర్పింది ఆ అన్నయ్యే. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఈ సంగతి తెలుసు. ఈయన వచ్చి ఇంకా ఏడాది కాలేదు, పైగా ఎవరి ఇంటి సంగతీ అడిగే రకం కాదు. ఆయనకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

"అవును సార్" అన్నాను. పైకి అన్నది అదే. లోపల మాత్రం పళ్ళు పటపటా కొరుక్కున్నాను.

మాది నీటి సరఫరా ఆఫీసు. నేను మ్యాపుల గదిలో పనిచేస్తాను. ఇరవై రెండేళ్ళ కిందట ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీతలు గీసే పనిలో చేరాను కాబట్టి ఇప్పటికీ నన్ను ట్రేసరమ్మ అనే పిలుస్తారు. ఇంజనీరు చేతిలో ఎప్పుడూ ఎర్ర చుక్క పడే లేజరు పెన్ను ఉంటుంది. గోడ మీద గడియారం చూపించాలన్నా దాంతోనే చూపిస్తాడు. అందుకని చాటున ఆయన్ని లేజరు అంటాం.

అన్నయ్యకు ఒక పద్ధతి ఉంది. ఏ వాల్వు కోసం తవ్వినా, పని అయ్యాక గుంత పూడ్చే ముందు, దగ్గరున్న రెండు గోడ మూలల నుంచి టేపు పట్టి దూరం కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటాడు. "మనుషులు మాట మారుస్తారు గానీ గోడలు నడవవు" అంటాడు. అలా తూర్పు పేటలో నేల కింద ఉన్న నాలుగు వందల పదమూడు వాల్వులూ ఆయన పుస్తకాల్లోకి ఎక్కాయి. ముప్పై ఒక్క పుస్తకాలు. కొన్నింటికి అట్టలు కూడా లేవు.

లేజరు వచ్చాక పాత కాగితం మ్యాపులను తానే కంప్యూటరులోకి ఎక్కించాడు. ఎక్కించి ఒక హుకుం జారీ చేశాడు: ఇకనుంచి పుస్తకాలూ గిస్తకాలూ లేవు, కొత్త మ్యాపు ఎక్కడ చూపిస్తే అక్కడే తవ్వాలి. ఆ హుకుం వచ్చిన నాలుగో రోజున అన్నయ్య నూట పదిహేడో నంబరు వాల్వు దగ్గరి నుంచి ఫోను చేశాడు.

"సార్, మ్యాపులో ఉన్న చోటు కాదండి. నా పుస్తకం ప్రకారం ఇంకా ఆరు మీటర్లు తూర్పుకు ఉండాలి."

"నీ పుస్తకం చింపి పారెయ్. మ్యాపు చెప్పిన చోట తవ్వు."

తవ్వాడు. గడ్డపార కరెంటు కేబులుకు తగిలింది. కుడి చేయి మోచేతి దాకా కాలింది. ఆ రోజు అన్నయ్య చేతిలో ఉన్న మ్యాపు కాగితాన్ని లేజరే స్వయంగా వచ్చి తీసుకుపోయాడు. తర్వాత రిపోర్టు రాశాడు: మ్యాపు సరిగ్గానే ఉంది, ఫిట్టరు అజాగ్రత్తగా వేరే చోట తవ్వాడు. విచారణకు కమిటీ వేశారు. ఆరు వారాల గడువు. అందులో అన్నయ్యదే తప్పని తేలితే ఉద్యోగం పోతుంది, పరిహారం పోతుంది, ఇరవై ఏళ్ళుగా సంపాదించుకున్న మంచి పేరు కూడా పోతుంది.

నేను మ్యాపు తెరిచి చూశాను. నూట పదిహేడో వాల్వు, అన్నయ్య పుస్తకం చెప్పిన చోటే, ఇంచు కూడా తేడా లేకుండా ఉంది.

నాకు మతిపోయింది. అయితే అన్నయ్యే తప్పు తవ్వాడా? ఒక్క క్షణం ఆయన్నే అనుమానించాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, అనుమానించాను. మరుక్షణం నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. లేజరు ఏదో చేశాడు. ఏం చేశాడన్నది పట్టుకోవాలంటే నాలుగు వందల పదమూడు వాల్వులకూ పుస్తకంలో ఉన్న చోటూ, మ్యాపులో ఉన్న చోటూ పోల్చి చూడాలి. చేత్తో అయితే ఆరు నెలలు పడుతుంది.

మా మ్యాపు సాఫ్ట్‌వేరుకు పైథాన్ అనే కంప్యూటరు భాషలో స్క్రిప్టు రాస్తే, మనకు కావలసిన పని అదే చేసి పెడుతుందని, కావలసిన బటన్లు కూడా తగిలించుకోవచ్చని తెలుసు. ఆ శిక్షణకు ఆఫీసు లేజరునే పంపింది. రెండు రోజులు పోయి, ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, ప్రింటరు ఊగకుండా దాని కాలి కింద పెట్టాడు.

ఆ పుస్తకం లాగి తీస్తుంటే చూశాడు. "నీకెందుకు ట్రేసరమ్మా ఈ వయసులో? బటన్ నొక్కడం వస్తే చాలదూ?" అని గది గదంతా వినపడేలా నవ్వాడు. నవ్విన నాపచేనే పండుతుందిలే అనుకుని, ప్రింటరు కింద అట్టముక్క దోపి పుస్తకం తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ బయటికి పోతే నేను డబ్బా మూత కూడా తీయకుండా కూర్చునేదాన్ని. మొదటి వారమంతా కంప్యూటరు నుంచి తప్పు తప్పంటూ ఎర్ర అక్షరాల తిట్లే. పైథాన్‌కు వరస మొదట్లో వదిలే ఖాళీ కూడా లెక్కే. ఒక ఖాళీ ఎక్కువైతే ఒప్పుకోదు, తక్కువైతే ఒప్పుకోదు. మా అత్తగారికైనా ఇంత పట్టింపు లేదు. రెండో వారం అడ్డం కొలతా నిలువు కొలతా తారుమారు చేసి రాశాను. తూర్పు పేట వాల్వులన్నీ పోయి సముద్రంలో పడ్డాయి. కూర్చుని ఏడుద్దామనుకుని, నవ్వాను.

లేజరుకు అనుమానం రాకుండా ముందు ఆయనకు పనికొచ్చేది ఒకటి చేసి పెట్టాను. ఏ మ్యాపు ప్రింటు తీసినా అడుగున, "తయారు చేసినవారు" అని ఆయన పేరూ హోదా పెద్ద అక్షరాల్లో దానంతట అదే పడుతుంది. పొంగిపోయాడు. "అన్నిటి మీదా పడాలి, ఒక్కటి కూడా వదలకూడదు" అన్నాడు. "వదలదు సార్" అన్నాను.

ఆదివారాలు మధ్యాహ్నం అన్నయ్య వాళ్ళింట్లో వదిన పుస్తకాలు ముందేసుకుని కొలతలు చదివేది, నేను ఎక్కించేదాన్ని. అన్నయ్య అవతలి గదిలో కట్టుకట్టిన చేయి దిండు మీద పెట్టుకుని పడుకునేవాడు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా వదినను పిలవాలి. పిలవడానికి మొహమాటపడి అలాగే కూర్చునేవాడు. అది చూసినప్పుడల్లా నాకు లేజరు గొంతు పిసికేయాలనిపించేది.

"పైథానంటే కొండచిలువే కదే?" అంది వదిన ఒకరోజు. "అది కాటెయ్యదంట. మెల్లగా చుట్టుకుని నలిపేస్తుందంట."

"నాకు కావాల్సిందీ అదే వదినా."

"అయితే బాగా నేర్చుకో. చదవనా? ఎడం మూల నుంచి నాలుగు పాయింటు రెండు..."

నాకు పైథాన్‌లో అన్నిటికన్నా నచ్చింది ఫర్ అనే మాట. ఆ మాట రాసి, కింద నాలుగు ఖాళీలు వదిలి చేయవలసిన పని చెబితే, జాబితాలో ఎన్ని ఉంటే అన్నిటికీ అదే పని చేస్తుంది. అలిసిపోదు, విసుక్కోదు, ఎవరి మొహమో చూసి ఒకదాన్ని వదిలిపెట్టదు. రెండు గోడ మూలల కొలతలు కలిసే చోటు కనుక్కో, అక్కడి నుంచి మ్యాపులో వాల్వు ఉన్న చోటుకు బాణం గీయి, రెండూ ఒకటే అయితే పచ్చ చుక్క పెట్టు. ఇంతే నేను రాసింది.

విచారణకు తొమ్మిది రోజుల ముందు అది తప్పులేకుండా నడిచింది. తెర నిండా బాణాలు. నాలుగు వందల పన్నెండు. అన్నీ పడమటికే, అన్నీ ఆరు మీటర్లే. అప్పుడు అర్థమయింది లేజరు నిర్వాకం. పాత మ్యాపులను కొత్త కొలతల పద్ధతిలోకి మార్చడానికి ఒక లెక్క ఉంటుంది. ఆయన లెక్క చేయలేదు. వాల్వుల లేయరును, అంటే వాల్వులన్నీ ఉన్న పొర మొత్తాన్ని, మౌసుతో పట్టి లాగి, వీధుల మీద కంటికి సరిపోయినట్టు కనపడగానే వదిలేశాడు. నూట పదిహేడు దగ్గర మాత్రం బాణం లేదు, పచ్చ చుక్క ఉంది. ప్రమాదం తర్వాత ఆ ఒక్కదాన్నీ సరైన చోటుకు జరిపి చేతులు దులుపుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే పరుగెత్తి పైవాళ్ళకు చూపించి ఉండవచ్చు. చూపించలేదు. లేజరును గదిలోకి పిలిచి మందలించి, మ్యాపు దిద్దుకోమని వదిలేస్తారు. నాకది చాలదు. పదిమంది ముందు, ఆయన చేత్తోనే జరగాలి.

మర్నాడు దేవుడు పంపినట్టు ఆయనే వచ్చాడు.

"ట్రేసరమ్మా, నూట పదిహేడుకు ఒక బటన్ పెట్టు. నొక్కగానే ఫిట్టరు కమిటీకిచ్చిన పుస్తకంలో చోటూ, మన మ్యాపులో చోటూ రెండూ కనపడాలి. రెండూ ఒకటేనని కమిటీ చూడాలి. వాడి పుస్తకంతోనే వాడి నోరు మూయిస్తా."

"ఆ ఒక్కదానికేనా సార్?"

"ఆ ఒక్కటి చాలు."

నేను ఫర్ అని రాశాను. ముందు నూట పదిహేడు, తర్వాత మిగతా అన్నీ. బాణానికీ బాణానికీ మధ్య సెకనులో ఐదో వంతు ఆగమని కూడా రాశాను. దాని అవసరమేమీ లేదు. నా సంతోషం కోసం రాశాను. ముందుగా నొక్కి చూసుకునే ఓపిక లేజరుకు లేదని నాకు తెలుసు.

విచారణ పదకొండు గంటలకు. పెద్ద గదిలో కర్టెన్లు మూసి తెర దించారు. కమిటీలో ముగ్గురు, మధ్యలో కూర్చున్న తెల్లజుట్టు పెద్దావిడ మాటే చివరి మాట. అన్నయ్య గోడ పక్క కుర్చీలో, కట్టు మీద కండువా కప్పుకుని కూర్చున్నాడు. అసలే నోట్లో నాలుక లేని మనిషి. అడిగినదానికి "ఫోను చేశానండి, అక్కడే తవ్వమన్నారండి" అని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు.

లేజరు లేచాడు. "ఈ ఫిట్టరు పుస్తకాల్లో కొలతలు చాలా ఖచ్చితం. నేనే ఒప్పుకుంటున్నాను. ఆ పుస్తకం ఏం చెబుతోందో, మన మ్యాపు కూడా అదే చెబుతోంది. చూడండి" అని బటన్ నొక్కాడు.

తెర మీద నూట పదిహేడు దగ్గర పచ్చ చుక్క వెలిగింది. ఎర్ర చుక్కను దాని చుట్టూ తిప్పుతూ నవ్వాడు. ఆ నవ్వు ఉండగానే పక్క వీధిలో ఒక బాణం పడింది. ఇంకొకటి. ఇంకొకటి.

"ఇదేంటి?" అన్నాడు నావైపు తిరిగి.

"మిగతా వాల్వులు సార్. పుస్తకం ఒక చోట చెబితే మ్యాపు ఇంకో చోట చూపిస్తోంది."

"ఆపు."

"మధ్యలో ఆగదు సార్."

ఎనభై రెండు సెకన్లు. తెర వైపు నేను చూడలేదు, ఆయన మొహమే చూశాను. లేజరు పెన్ను ఆపడం మర్చిపోయినట్టున్నాడు, ఎర్ర చుక్క జారి గోడ మీదికీ, అక్కడి నుంచి పెద్దావిడ కాగితాల మీదికీ పోయింది. నాకు కడుపు నిండిపోయింది.

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "నాలుగు వందలకు పైగా వాల్వులు ఒకే వైపుకి, ఒకే దూరం తప్పున్నాయి. ఈ ఒక్కటీ ఎలా సరిగ్గా ఉంది?"

"పుస్తకంలో ఏదో తేడా..."

"పుస్తకం ఖచ్చితమని ఇప్పుడేగా మీరన్నారు?"

"అదే మేడం, ఆ రోజు తర్వాత నేనే దాన్ని సరి..." అని ఆగిపోయాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవలేడు, ఊరుకోలేడు.

ఆ మ్యాపు ప్రింట్లు నాలుగు కావాలంది పెద్దావిడ. తీసి ఇచ్చాను. ప్రతి కాగితం మీదా నాలుగు వందల పన్నెండు బాణాలు, అడుగున పెద్ద అక్షరాల్లో "తయారు చేసినవారు" అని ఆయన పేరు. ఒక ప్రింటు ఆయన ముందు కూడా పెట్టాను. "ఒక్కటి కూడా వదలకూడదన్నారుగా సార్. ఆ ఫిట్టరు మా అన్నయ్య" అన్నాను. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఏమిటో కళ్ళారా చూశాను.

అన్నయ్య తప్పేమీ లేదని అక్కడికక్కడే రాసుకున్నారు. వరండాలోకి వచ్చాక ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చాను. ఆయన ఎడం చేత్తో నా వీపు తట్టి అడిగాడు.

"ఆ బాణాలన్నీ... ఆ వాల్వులు మ్యాపులో ఇంకా తప్పుగానే ఉన్నాయా?"

"ఆఁ."

"నీకెప్పుడు తెలిసింది?"

మొహం తుడుచుకున్నాను. ఆయన నా కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాడు.

"తొమ్మిది రోజులైంది అన్నయ్యా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గోడకు ఆనుకుని, ఎడం చేత్తో తడుముకుంటూ జేబులోంచి ఫోను తీసి, ఒక్క వేలుతో నంబరు నొక్కాడు. తూర్పు పేటలో ఆ పూట పనిచేస్తున్న ఫిట్టరుకు. "ఒరేయ్, ఎక్కడున్నావ్? గడ్డపార కింద పెట్టు. మ్యాపు తప్పురా. ముందు కింద పెట్టు."

ఆ తొమ్మిది రోజుల్లో మూడు చోట్ల తవ్వారని తర్వాత లెక్క చూసుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. అందులో నా గొప్పేమీ లేదు. లేజరు మీద జాలి ఆ రోజూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ ఎనభై రెండు సెకన్లు మళ్ళీ ఇస్తామంటే వద్దనను.

అన్నయ్య ఇంకా ఫోనులోనే ఉన్నాడు. నేను మ్యాపుల గదికి పోయి ఫర్ అని రాశాను. ప్రతి వాల్వునూ పుస్తకం చెప్పిన చోటుకు జరపమని. మొత్తం నాలుగు వరసలు. నొక్కితే రెండు సెకన్లు కూడా పట్టలేదు.