అత్తను బయటికి పంపే ఉపాయం

అత్తల్ని బయటికి పంపడంలో కోమలికున్న నేర్పు సూరత్‌లో ఇంకెవరికీ లేదు. జెనెటిక్ కౌన్సెలర్ కదా, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జబ్బుల గురించి విడమరిచి చెప్పడం ఆమె పని. అలాంటి మాటలు అత్త ఎదుట కోడలు మాట్లాడుతుందా? "అమ్మా, మీకు బీపీ చూస్తారట, ఆ గదిలోకి వెళ్లండి" అనేది కోమలి. అత్త అటు వెళ్లగానే కోడలు నోరు విప్పేది. మాయదారి కరోనా వచ్చి ఆ విద్యను కాస్తా మట్టిలో కలిపింది. రెండో ఏడు ఏప్రిల్ వచ్చేసరికి ఆస్పత్రి నిండా ఆక్సిజన్ సిలిండర్లే. కోమలి అడాజన్‌లోని తన ఫ్లాట్‌లో తలుపేసుకుని ఫోన్‌లోనే అన్నీ చెబుతోంది. అవతల గదిలో ఎవరున్నారో దేవుడికెరుక.

ఆ పూట ఫోన్ ఊరి చివర ఉన్ అనే పేటలో ఉండే సుమనకి. తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతుకుతున్న కుటుంబం. భర్త ఉమాకాంత్ ఆమెకు మేనబావే. ఇద్దరి రక్తంలోనూ తలసేమియా దాగి ఉంది. దానివల్ల వాళ్లకేం కాదు గానీ, అది ఇద్దరి నుంచీ అందిన బిడ్డకు ఒంట్లో రక్తం నిలవదు. మొదటి పాప అలాగే పుట్టింది. నెలనెలా రక్తం ఎక్కించాలి, ఈ గత్తరలో రక్తం ఇచ్చే నాథుడే లేడు. ఇప్పుడు సుమనకు మళ్లీ ఐదో నెల. కడుపులో బిడ్డకూ ఆ జబ్బుందేమో ఉమ్మనీరు తీసి చూడాలి. రిపోర్టు రావడానికి పట్టే రోజులు పోను, ఈ వారం దాటితే తెలిసినా గర్భం తీయడానికి చట్టం ఒప్పుకోదు.

"రేపు రాగలవా సుమనా?"

"చూస్త మేడం," అంది సుమన పొడిగా.

ఎందుకంత పొడిగా అందో వెంటనే తెలిసింది. "యాడికి రావాలె?" అని ఇంకో గొంతు. ఆమె అత్త ఐలమ్మ. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"దవాఖానల మనిషి మీద మనిషి పడి ఉన్నరంట. కడుపుతోనున్న పిల్లను గా గుంపులకు తోలుమంటవా? సూది గుచ్చితే బిడ్డకేమన్న అయితే ఎవరిది జిమ్మేదారి?"

"అమ్మా, ఆ వార్డు వేరే..."

"వద్దు బిడ్డా. దేవుడు ఎట్లిస్తే అట్లనే."

కోమలికి ఒళ్లు మండింది. ఎదురుగా ఉంటే ఈపాటికి బీపీ గదికి పంపేసేది. అప్పుడు గుర్తొచ్చింది, ఆస్పత్రిలో నర్సు గుజరాతీలో ఏదడిగినా ఐలమ్మ కోడలి వంకే చూసేది. సుమనేమో ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకున్న పిల్ల. ఇంకేం, కోమలి గుజరాతీలోకి దిగింది.

"మీ అత్తకు చెప్పకు. పాపకు రక్తం దొరికిందని చెప్పి రేపు పొద్దున బయల్దేరు. బిడ్డకు జబ్బుందని తేలితే ఉంచుకోవాలో వద్దో నీ ఇష్టం, ఉమాకాంత్ ఇష్టం. ఆమెకు తెలియక్కర్లేదు."

జవాబు ఐలమ్మ నుంచి వచ్చింది, గుజరాతీలోనే. "మనే బధు సమజాయ్ ఛే."

నాకంతా అర్థమవుతుంది అంటోంది.

"నలభై ఏండ్లాయె సూరత్ కొచ్చి," అంది ఐలమ్మ. "సలాబత్‌పుర సేట్ల కాడ చీరలు మడతవెట్టిన. నాకు రాదనుకున్నవా?"

ఎంత తెలివితక్కువ పని చేశాను, ఇక సుమనను గడప దాటనివ్వదు అనుకుంది కోమలి.

"సుమనా, నువ్వు జర బయటికి పో," అంది ఐలమ్మ.

తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత ఐలమ్మ గొంతు బాగా తగ్గింది.

"ఉమాకాంత్ కంటె ముందుగాల నాకు ఇద్దరు పుట్టిండ్రు. తెల్లగ పాలిపోయి, కడుపుబ్బి పోయిండ్రు ఇద్దరు. గ్రహణం నాడు నూలు కండెలు చుట్టిన్నని, బిడ్డల్ని నేనే మింగిన్నని మా అత్త సచ్చేదాంక తిట్టింది. నేను గూడ మేనబావనే చేసుకున్న. గిది గదేనా బిడ్డా?"

పరీక్ష లేకుండా ఏదీ తేల్చి చెప్పకూడదని కోమలి చదువు. ఆ చదువును పక్కన పెట్టింది.

"అదే అయ్యుంటుందమ్మా. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. మీరు చేసిందేమీ లేదు."

అవతల ఏడుపు వినపడలేదు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినపడింది.

"నీ కాడికి రెండుపార్లు వచ్చిన. గీ ముచ్చట అడుగుదామనే వచ్చిన. రెండుపార్లు బీపీ చూపిచ్చుకోమని తోలినవు."

ఐలమ్మ బీపీ ఎంతుందో కూడా కోమలి ఏనాడూ అడగలేదు.

"రేపు పిల్లను నేనే తోల్కొస్త," అంది ఐలమ్మ. "ఈపారి నన్ను బయట కూసోవెట్టకు."

ఆస్పత్రి గేటు దగ్గర ఒక్కరినే లోపలికి పంపుతున్నారన్న సంగతి కోమలి చెప్పలేదు. రేపు తనే వెళ్లి ఆ వాచ్‌మన్‌తో మాట్లాడుకుంటుంది.