దీపం ఉన్న ఇల్లు

మంగళమక్క ఇంటి గోడ మీద సుద్దముక్కతో ‘పార్ట్’ అని రాసి ఆఫీసరు పక్కింటికి నడిచాడు. ఇంటికి కప్పు లేదు. మిగిలింది ఒక్క గోడ. దాని మీదే రాశాడు. మేం చూస్తూ నిలబడ్డాం.

మూలకుళం దాటాక చెరకు తోటల అంచున మాది కూలీల వీధి. సునామీ వచ్చిన మరుసటి ఏడు సుడిగాలి మా వీధిని ఊడ్చేసింది. మంగళమక్క మొగుడు చంద్రన్ గోడ కూలి మీద పడి చనిపోయాడు. ఏడవడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు. శవం లేచాక ఆడవాళ్ళం ఎప్పుడూ చేసేదే చేశాం. మట్టి ఎత్తిపోశాం, నేల అలికాం, ప్రాణం పోయిన చోట దీపం పెట్టాం. కర్మలు అయ్యేదాకా అది ఆరకూడదు.

నష్టం సర్వేకి వచ్చిన ఆ ఆఫీసరు నూకరాజు యానాం మనిషి. చుట్టూ తమిళం మధ్య బతికే మేం అతని నోట తెలుగు వినగానే మనవాడే అనుకుని మురిసిపోయాం. ఎంత వెర్రివాళ్ళం!

“ఏంది సార్, ఇది పార్టా? ఇంగ ఇల్లు యాడ ఉండాది?” అని నిలదీసింది వీధికి పెద్దదైన మీనాంబాళత్త.

“నేల అలికారు, దీపం వెలుగుతోంది. అంటే కాపురం ఉంటున్నట్టే కదండీ. కాపురం ఉంటే ఫుల్ డ్యామేజీ రాయకూడదు, పార్టే. ఫుల్ అయితేనే కొత్త ఇల్లు.”

“అది సచ్చినోడి దీపం సార్!”

“దీపం దీపమేనండి.”

భూస్వామి వరదరాజన్ మోటారు కొట్టానికి మాత్రం ‘ఫుల్’ పడింది. సర్వే అయ్యేదాకా ఒక్క రేకు కదపొద్దని అతను కాపలా పెట్టాడు. అతనికి రూలు తెలుసు. మాకెవరూ చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మంగళమక్క మాత్రం దీపంలో నూనె పోసి, వత్తి ఎగదోసి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం వీధంతా కూడింది.

“దీపం ఆర్పేసి మళ్ళా పిలుద్దాం,” అన్నాడు చెరకు నరికే అణ్ణామలై.

“చంద్రన్ దీపం ఎవుడు ఆర్పేది? నువ్వా?” అంది మీనాంబాళత్త.

“ఇంగేం చేద్దామత్తా?”

శవం లేచాక మొదటిసారి మంగళమక్క నోరు తెరిచింది. గొంతులో కోపం కూడా లేదు. “దీపం ఉంటే కాపురం ఉండేట్టంట గదా. ఆపీసులో పెడదాం.”

చావుదీపంతో ఇంటి దీపం ముట్టించకూడదంటారు. ఆ రోజు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చంద్రన్ దీపానికి మీనాంబాళత్తను కాపలా ఉంచి, దాంతోనే ఇంటికొకటి వెలిగించుకుని, గాలికి చేతులు అడ్డం పెట్టుకుని పట్నంలోని నూకరాజు ఆఫీసుకి నడిచాం. మెట్ల మీద, వరండాలో, నూకరాజు బల్ల మీద కూడా దీపాలు పెట్టాం. మంగళమక్క కొంగుతో నేల తుడిచి తన దీపం ముందు కూర్చుంది.

“ఏంటండీ ఇది? లేవండి!” నూకరాజు అరిచాడు.

“కాపురం ఉండాం సార్. రాసుకో,” అందామె.

పోలీసులు వచ్చారు. ముందు ఆమెనే వ్యాన్ ఎక్కించారు. ఖాళీ అయిన చోట మా వీధి సుగంధి కూర్చుంది. ఆమెనీ ఎక్కించారు. నేను వెళ్ళి కూర్చుని వత్తి ఎగదోశాను. నా వెనక ఇంకా వీధంతా ఉంది.