నిచ్చెన చదివిన పాఠం

"టీచరమ్మ మళ్ళీ వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది. ఈసారి కదిలేట్టు లేదు!"

ఇస్త్రీ రోలరు చప్పుడు మీదుగా మేస్త్రీ అరిచాడు. లాండ్రీలో ఎవరు ఏం చెప్పాలన్నా అరవాల్సిందే. నిచ్చెన మాత్రం తల ఎత్తలేదు. చేతిలో దుప్పటి అంచు ఉంది. అవతలి అంచు అమ్మ చేతిలో ఉంది.

నిచ్చెన అన్న పేరు బడి పిల్లలు పెట్టింది. సరిహద్దుకు అవతల తొమ్మిదో తరగతి పూర్తిచేసి వచ్చిన పిల్లని, ఇక్కడి లిపి రాదని తీసుకెళ్ళి ఏడులో కూర్చోబెడితే మరేమంటారు? వెనక బెంచీలో పొడుగు కాళ్ళు ముడుచుకుని ఏడాదంతా నెట్టుకొచ్చింది. అక్షరాలు తలకెక్కేసరికి సెలవులొచ్చాయి. సెలవుల్లో అమ్మకి తోడుగా లాండ్రీకి వచ్చింది. సెలవులయిపోయాయి. తను ఇక్కడే ఉండిపోయింది. బడి మానెయ్యమని ఎవరూ అనలేదు. మానేస్తానని తనూ అనలేదు.

ఇక్కడ ఆ పొడుగే అక్కరకొచ్చింది. హోటళ్ళ దుప్పట్లని ఇద్దరు చెరో అంచూ పట్టుకుని వేడి రోలరులోకి వదలాలి. ఇద్దరిలో ఒకరు పొట్టయినా దుప్పటి నేలకి రాసుకుంటుంది. రాసుకుందంటే మళ్ళీ ఉతుకుకే. జోడీ కుదరకపోతే మేస్త్రీ ఇద్దర్నీ ఇంటికి పంపేస్తాడు. అమ్మ పొడుగు, కూతురు ఇంకా పొడుగు.

"వెళ్ళవే," అంది అమ్మ. "నీ అంచు పిన్ని పట్టుకుంటుంది."

"నేనా?" పిన్ని పక్కబల్ల దగ్గర మడతలు ఆపింది. "పీటేసుకుని నిలబడమంటావా అక్కా?"

"పీటేసుకుంటావో, బల్లెక్కుతావో. ఇవాళ మటుకు ఇది వెళ్ళాలి."

"బల్లెక్కితే మేస్త్రీ నన్ను కూడా ఇస్త్రీ చేసి హోటలుకి పంపించేస్తాడు," అంటూనే పిన్ని పీట లాగింది.

నిచ్చెన అంచు పిన్నికి అందించి గేటు దగ్గరికి నడిచింది. వెళ్ళమన్నారు కాబట్టి వెళ్ళింది.

టీచరు నిచ్చెన చెయ్యి పట్టేసుకుంది. "ఇవాళ సాయంత్రంతో పదో తరగతి పేర్లు పై ఆఫీసుకి పంపేస్తున్నాం. హెడ్మాస్టరు గారి ముందు ఒక్క పాఠం చదువు, చాలు. దాదాపు నీ ఈడు వాళ్ళతో పదిలో కూర్చోబెడతానన్నారు. ఆయన్ని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది నాకు. ఇవాళ తప్పితే ఇక నీ పేరు కొట్టేస్తారు, అర్థమవుతోందా?"

"ఊఁ."

దారి పొడుగునా టీచరే మాట్లాడింది. "మా చెల్లెలు మీ వైపు బళ్ళో పాఠాలు చెబుతుంది. అక్కడా ఇదే గోల. ఇటు నుంచి అటెళ్ళి మానేసేవాళ్ళు, అటు నుంచి ఇటొచ్చి మానేసేవాళ్ళు. రెండు దేశాలకీ ఏ విషయంలోనూ పొసగదు, పిల్లల్ని పోగొట్టుకోవడంలో మాత్రం అన్నదమ్ములే!"

నవ్వాలని నిచ్చెనకి తెలుసు. మొహం కదల్లేదు.

పదో తరగతి గదిలోనే హెడ్మాస్టరు కూర్చుని ఉన్నాడు. పిల్లలంతా ఇటు తిరిగారు. ఆయన పుస్తకం తెరిచి చేతికిచ్చాడు. "చదువమ్మా."

నిచ్చెన చదివింది.

గది దద్దరిల్లింది. ముందు బెంచీ పిల్ల ఉలిక్కిపడి పెన్ను జారవిడుచుకుంది. పక్క గదిలో పాఠం చెబుతున్న మాస్టారు గుమ్మంలోకి వచ్చి తొంగిచూశాడు. రెండో వాక్యానికి తరగతంతా పగలబడి నవ్వింది.

"ఏమ్మా, మేమంతా చెవిటివాళ్ళమా?" అన్నాడు హెడ్మాస్టరు. కోపంగా కాదు, ముచ్చటగానే అన్నాడు. "మెల్లిగా చదువు."

మెల్లిగా అంటే ఎంతో నిచ్చెనకి తట్టలేదు. గొంతు తగ్గించబోతే అసలు బయటికే రాలేదు. పెదాలు ఆడాయి, అంతే. మళ్ళీ నవ్వులు. ఇక చేసేది లేక, రోలరు అవతల అమ్మకి వినిపించాల్సినంత గొంతుతోనే పేజీ చివరిదాకా చదివేసింది.

హెడ్మాస్టరు చేత్తో పిల్లల్ని సద్దుమణిగించాడు. "నవ్వకండర్రా. ఒక్క తప్పు పోలేదు. సరే టీచర్, పేరు చేర్చండి. సోమవారం నుంచి రామ్మా."

టీచరు కళ్ళు తుడుచుకుంది. నిచ్చెన పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. పాఠం దేని గురించో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. ఎవరూ అడగలేదు.

వెనక్కొచ్చేసరికి పీట మీద పిన్ని మునివేళ్ళ మీద లేచి తంటాలు పడుతోంది. నేలకి రాసుకున్న దుప్పట్లు మూలన గుట్టపడ్డాయి. మేస్త్రీ చేతులు కట్టుకుని ఆ గుట్టకేసే చూస్తున్నాడు.

ఏమయిందన్నట్టు అమ్మ గడ్డం ఎగరేసింది.

నిచ్చెన తల అడ్డంగా ఊపింది.

ఎందుకు ఊపిందో తనకీ తెలియదు. ముందుగా అనుకున్నది కాదు. నవ్వారని ఉక్రోషం లేదు, అమ్మ పని పోతుందన్న దిగులూ లేదు. తల ఊగింది, అంతే.

"రానివ్వనన్నారా?"

"ఊఁ."

అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దుప్పటి రోలరు నోట్లో ముడతపడింది. "వాళ్ళ మొహాలు మండ!" అంటూ పిన్ని పీట దిగింది. "ఆ హెడ్మాస్టరుకి అసలు పిల్లలున్నారా అని!" అమ్మ ముడత లాగి సరిచేసి, "పట్టు," అంది.

నిచ్చెన పట్టింది.

సోమవారం తను బళ్ళో కనిపించకపోతే టీచరు మళ్ళీ గేటు దగ్గరికి వస్తుంది. అమ్మకి నిజం చెబుతుంది. అమ్మ కొడుతుందో, ఏడుస్తుందో. ఆ సంగతంతా ఎక్కడో ఎవరికో జరగబోయేదానిలా తోచింది. తనకి ఏడుపొస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. దుప్పటి వచ్చింది, అంచు సరిచూసి వదిలింది. ఇంకోటి వచ్చింది.