సీతమ్మ పటం, రారాజు కాలు

నేను ఒక దళసరి అట్టను. నా మీద ఒక నటి ఫొటో అతికించి ఉంది. ఆ రోజుల్లో నాటకాల ఆడవాళ్ళ బొమ్మలు ఇలాగే నాటకశాల గుమ్మంలో అమ్మేవారు. షోకిలా రాయుళ్ళు కొనుక్కుపోయి రహస్యంగా దాచుకునేవారు.

నా మీదున్న మనిషి మంగతాయారు. దుర్యోధనుడి వేషంతో కాకినాడలో ఆమె పేరు మోగిపోయింది. ఫొటో అంటూ తీయించుకుంటే మీసంతో, గదతోనే తీయించుకోవాలని ముచ్చటపడింది. నాటకం కంపెనీ యజమాని ఒప్పుకోలేదు.

"మీసాల ఆడదాన్ని ఎవడు కొంటాడే? సీత వేషం కట్టి, బుగ్గన చెయ్యి పెట్టుకో."

"జనం వచ్చేదే ఆ మీసం చూడ్డానికి కదండీ!" అంది. వినేవాడెవడు? కొబ్బరినూనెతో మీసం తుడిపించి, నగలు తీయించి, జుట్టు విరబోయించారు. వెనక తెర మీద ఉన్నది దొరల మేడ. దాన్నే అశోకవనం అనుకోమన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి, తల కదలకుండా మెడ వెనక ఇనుప కొక్కెం బిగించారు. తాయారు కళ్ళు దించింది, బుగ్గన చెయ్యి పెట్టింది. కాలు మాత్రం మాట వినలేదు. చీర కుచ్చిళ్ళు తోసుకుని ముందుకు సాగి, మడమ నేలకు తన్నిపెట్టి, నిండుసభలో రారాజులా ఉండిపోయింది. అది ఎవరి కంటా పడలేదు. కొనేవాళ్ళు మొహమే చూస్తారు మరి.

నన్ను ప్లీడరు కామయ్యగారు కొని లా పుస్తకంలో దాచారు. భార్య పేరిందేవి నాటకాల మొహం ఎరగదు గానీ నన్ను పట్టేసింది.

"ఎవర్తండీ ఇది?"

ఆయన చప్పున అందుకున్నారు. "సీతమ్మవారే! భద్రాచలం నుంచి తెప్పించాను."

ఆ ఇల్లాలు నన్ను కళ్ళకద్దుకుని, నుదుట కుంకుమ పెట్టి, దేవుడి గూట్లో నిలబెట్టింది. పాపం, ప్లీడరుగారు రోజూ స్నానం చేసి వచ్చి నాకు దండం పెట్టేవారు. మనుషుల భక్తి మీద నాకు అప్పుడే భ్రమలు పోయాయి.

ఏళ్ళు గడిచాయి, నాటకం కంపెనీ మూతపడింది. ఒకనాడు అప్పడాలమ్మే ముసలావిడ గుమ్మంలోంచి నన్ను చూసి గంప దించేసింది.

"అమ్మా, అది నా బొమ్మ! ఊరందరి దగ్గరా ఉండేది, నా దగ్గరే లేదు. ఒక్కటిమ్మంటే కంపెనీవాళ్ళు ఇవ్వలేదు. నాకిచ్చెయ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది."

"ఏం కూతలవి? ఆవిడ సీతమ్మవారు!"

"సీతమ్మవారు అలా కాలు చాపుతుందా తల్లీ?" అంటూ తాయారు అరుగు మీద కూర్చుంది. బుగ్గన చెయ్యి పెట్టి, కాలు చాచి, మడమ నేలకు తన్నిపెట్టింది. పేరిందేవి నన్ను చూసింది, ఆమెను చూసింది. తర్వాత, పడక్కుర్చీలో పేపరు వెనక నక్కిన భర్తను చూసింది. ఇక నవ్వాపుకోలేకపోయింది.

"ఇన్నేళ్ళూ మా ఆయన చేత పొద్దున్నే దండాలు పెట్టించావు. ఇంక చాల్లే, తీసుకుపో!"

ఇంటికి చేరాక తాయారు నన్ను ఒళ్ళో పెట్టుకుని కరువుతీరా ఏడ్చింది. తర్వాత కొంగుతో నా కుంకుమ తుడిచి, వేలితో కాటుక తీసి, పై పెదవి మీద దట్టంగా మీసం దిద్దింది.

"ఆఁ! ఇప్పుడొచ్చింది, ఆ కాలికి తగ్గ మొహం."