సారు కంటి ఎత్తు

కోడుమూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే నెహెమ్యా సారు పొద్దున్నే మొదట చూసుకునేది అద్దం కాదు, ప్యాంటు అంచు. అంచు చెప్పుల మీద ఆగితే నిన్నటి దినం మర్యాదగా గడిచినట్టు. నేల మీద జీరాడితే ఎక్కడో పరువు పోయినట్టు. సిగ్గుపడితే పొట్టిగా అయిపోవడం వాళ్ళింటి లక్షణం. వాళ్ళ నాయన ఒకసారి చర్చిలో కీర్తన తప్పు ఎత్తుకుని, ఆరు నెలలు పీటెక్కి ప్రార్థన చేశాడు. ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. కొందరికి చక్కెర జబ్బు, వీళ్ళకిది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఊరి పాత నీళ్ళ ట్యాంకును పడగొట్టాలి. మూడు పక్కలా కరెంటు తీగలు. నాలుగో పక్క ఖాళీ జాగా, దాని చివర, ట్యాంకుకు నలభై మూడు అడుగుల దూరంలో గుల్షన్ బీ ఇల్లు. కిటికీ పక్కనే ఆమె కుట్టుమిషను.

"ఎత్తెంత సార్?" అన్నాడు కాంట్రాక్టరు.

సారు పొద్దున్నే పదో తరగతిని వెంటేసుకొచ్చాడు. కోణమానికి దారం, దారానికి రాయి కట్టి కంటి దగ్గర పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచాడు. ట్యాంకు కొస నలభై అయిదు డిగ్రీల్లో కనిపించిన చోట ఆగాడు. దూరం కొలిస్తే నలభై అడుగులు.

"టాన్ నలభై అయిదంటే ఒకటి. దూరమెంతో ఎత్తూ అంతే. గుల్షన్ బీ, నువ్వు నింపాదిగా మిషను తొక్కుకో. మూడడుగులు ఇవతలే పడతాది!"

అందరూ చప్పట్లు కొట్టారు. సారు వద్దు వద్దంటూనే చివరిదాకా విన్నాడు.

తర్వాత క్లాసులో జెస్సీ ఇలాంటి లెక్కే బోర్డు మీద చేసింది. సారు బెత్తంతో బోర్డును కొట్టాడు.

"చూసేవాని కంటి ఎత్తు ఎవరు కలపాల? మీ జేజి వచ్చి కలుపుతాదా?"

అన్నాక సారు బెత్తం బోర్డు మీదే ఆగిపోయింది. పొద్దున తాను కోణమాని పట్టుకున్నదీ కంటి దగ్గరే. నేల నుంచి కంటికి అయిదడుగులు. ట్యాంకు నలభై కాదు, నలభై అయిదు.

"సార్, దిగతాండారు," అంది జెస్సీ మెల్లగా.

మధ్యాహ్నం ప్యాంటు ఎత్తిపట్టుకుని గుల్షన్ బీ ఇంటికి పోయాడు. ఆమె టేపు పెట్టి చూసింది.

"పొద్దున బాగానే ఉంటిరే! నాలుగు వేళ్ళు దిగినారు. ఏం చేసొచ్చినారు?"

"ఏం లేదమ్మా. కొంచెం మడిచి కుట్టు."

ఏం లేదన్నందుకు ఇంకో జానెడు దిగాడు.

"అబద్ధం గూడానా!"

కిటికీలోంచి ట్యాంకు కనబడుతోంది. కన్ను నేలకు దగ్గరయ్యే కొద్దీ తన లెక్క కూడా నిజానికి దగ్గరవుతోందని సారుకు తోచింది. ఇంకాస్త సిగ్గుపడి కన్ను నేలకానితే, పొద్దున చెప్పినదే సరైన పద్ధతి! ఈ ఆలోచన వచ్చినందుకు ఒక్కసారిగా మిషను బల్ల కిందికి జారిపోయాడు.

గుల్షన్ బీ వంగి చూసింది. "మీ ఇంట్లో ఇంత ఎవురూ దిగలే సార్." టేపు చూసింది, ట్యాంకు చూసింది. "ఇది నా ఇంటి సంగతేనా?"

సారు తలూపాడు. బయట జేసీబీ మొదలైంది. తీగతాడు బిగుసుకుంటోంది. ఆ రొదలో అరిచినా వినబడదు. ఆమె మిషను తల విప్పి చంకనెత్తుకుంది. సారు మోయగలిగింది దారాల డబ్బా ఒక్కటే. వెనక వాకిట్లోంచి బయటపడ్డారో లేదో, ట్యాంకు కొస కిటికీ గోడను కూల్చుకుంటూ ఆమె కూర్చునే స్టూలు మీద పడింది.

దుమ్ములో జనం. డబ్బా పట్టుకుని సారు వాళ్ళ మోకాళ్ళ మధ్యలోంచి, "కంటి ఎత్తు కలపలేదు. తప్పు నాది," అన్నాడు. వినబడక రెండోసారీ చెప్పాల్సి వచ్చింది.

గోడ సారే కట్టించాడు. ఇటుకలు ఒక్కో వరస లేస్తుంటే ఆయనా కొంచెం కొంచెం లేచాడు. చివరి వరస అయినాక గుల్షన్ బీ ప్యాంటు మడతలు విప్పింది.

"ఒక మడత ఉంచినా సార్. మళ్ళా పనికొస్తాది."

ఆ తర్వాత వచ్చిన సోమవారం క్లాసులో సారు గొంతు సవరించుకున్నాడు. "చూసేవాని కంటి ఎత్తు ఎంతనుకోవాల?"

జెస్సీ లేచి నిలబడింది.

"ఈ పొద్దా సార్?"